ఒక చెవికి ఇంప్లాంట్, ఇంకో చెవికి మిషన్: శబ్దం ఎటువైపు నుంచో పట్టుకోవడం ఎలా

విశాఖ జగదాంబ జంక్షన్‌లో హారన్ మోగుతుంది. అది బస్సుదో ఆటోదో చెప్పేస్తాం. ఎటువైపు నుంచి అంటే మాత్రం తెల్లమొహం వేస్తాం. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) పెట్టించుకుని, రెండో చెవికి హియరింగ్ ఎయిడ్, అంటే వాడుకలో మిషన్, వాడుతున్నవాళ్లలో చాలామందికి, మాటలు అర్థం కావడం మొదలయ్యాక ఎదురయ్యే ఇబ్బంది ఇది. మాటల కోసం నెలల తరబడి థెరపీ ఇస్తారు. దిక్కు సంగతి అడిగితే "అలవాటైపోతుంది లెండి" అంటారు. కొంతమందికి కొంతవరకు అవుతుంది కూడా. కానీ రెండు పరికరాల సెట్టింగులు సరిగ్గా కుదరకపోతే ఎన్నాళ్లు తిరిగినా అవ్వదు. అందుకే ఇందులో సగం పని ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షించి పరికరాలు సరిచేసే నిపుణుడు) గదిలో, మిగతా సగం ఇంట్లో, వీధిలో.

నాకు కుడి చెవికి ఇంప్లాంట్, ఎడమ చెవికి మిషన్. ఉదాహరణలన్నీ ఆ లెక్కన రాశాను. మీది తిరగేసి ఉంటే కుడిఎడమలు మార్చి చదువుకోండి. స్విచాన్ అయి (ఆపరేషన్ తర్వాత ఇంప్లాంట్‌ని మొదటిసారి ఆన్ చేసి) కొన్ని నెలలు దాటి, మ్యాప్ (ఇంప్లాంట్‌లో మీకు తగ్గట్టు పెట్టే సెట్టింగులు) ఒక కుదురుకు వచ్చినవాళ్లకి ఇది పనికొస్తుంది. మొన్ననే స్విచాన్ అయిందంటే ముందు మాటల మీద దృష్టి పెట్టండి.

ముందు అసలు సంగతి: దిక్కు ఎలా తెలుస్తుంది

ఇది అర్థమైతే మిగతా మెట్లన్నీ వాటంతటవే అర్థమవుతాయి, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మామూలు చెవులున్న మనిషికి కుడివైపు నుంచి శబ్దం వస్తే అది కుడి చెవికి ముందు, ఎడమ చెవికి ఒక్క క్షణం ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంతో తెలుసా? తల వెడల్పుని బట్టి, అత్యధికంగా 0.7 మిల్లీసెకండు ప్రాంతం. మెదడు అంత చిన్న తేడాని పట్టుకుంటుంది. ఇది ముఖ్యంగా 1500 హెర్ట్జ్ (శబ్దం సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ లెక్క) లోపు ఉండే బొంగురు, అంటే మందర శబ్దాలకి పనిచేస్తుంది. అంతకంటే కీచుగా ఉండే శబ్దాలకి ఇంకో ఆధారం ఉంది. తల అడ్డుపడటం వల్ల అవతలి చెవికి శబ్దం తగ్గి చేరుతుంది. బాగా కీచు శబ్దాల్లో ఆ తేడా 20 డెసిబెల్స్ దాకా ఉంటుంది. ఈ రెండు ఆధారాల లెక్కని 1907లోనే లార్డ్ రేలీ అనే శాస్త్రవేత్త వివరించాడు. ముందా వెనకా, పైనా కిందా అన్నది మాత్రం చెవిడొప్ప మడతలు కీచు శబ్దాలని మార్చే తీరుని బట్టి తెలుస్తుంది.

ఇప్పుడు మన సంగతి. ఇంప్లాంట్ శబ్దాన్ని కరెంటు పల్సులుగా మార్చి నరానికి పంపుతుంది. శబ్దం పెరుగుదల, తరుగుదల వెళతాయి గానీ, లోపలుండే సూక్ష్మమైన టైమింగ్ చాలావరకు పోతుంది. అంటే మొదటి ఆధారం ఇంప్లాంట్ చెవికి దాదాపు లేనట్టే. ఇక మిషన్ పెట్టుకున్న చెవిలో సాధారణంగా మిగిలి ఉండేది బొంగురు శబ్దాల వినికిడి. కీచు శబ్దాలు ఎంత పెంచినా అందవు. అంటే రెండో ఆధారం అటుపక్క లేదు. టైమింగ్ తెలిసే శబ్దాలు ఒక చెవిలో, సౌండ్ తేడా తెలిసే శబ్దాలు ఇంకో చెవిలో. పోల్చుకోవడానికి రెండు చెవుల్లోనూ ఒకే సరుకు ఉండాలి కదా, మనకి అక్కడే చిక్కు.

అయినా చేతిలో ఏమీ లేదనుకోకండి. మధ్యస్థాయి శబ్దాలు రెండు చెవులకీ కొంత అందితే సౌండ్ తేడా కొంతైనా తెలుస్తుంది. ఇంకోటి, ఇంప్లాంట్ వైపు నుంచి వచ్చే శబ్దం పదునుగా, అవతలి వైపు నుంచి వచ్చేది మందంగా ఉంటుంది. తెలిసిన గొంతు, తెలిసిన గిన్నెల చప్పుడు అయితే ఆ పదును తేడాతోనే వైపు చెప్పొచ్చు. ఈ రెండింటినే మనం సానబెట్టుకోవాలి. కుడా ఎడమా అన్నది అభ్యాసంతో మెరుగుపడే అవకాశం ఉంది. ముందా వెనకా అన్నది తల తిప్పకుండా తెలియడం కష్టం.

మొదటి మెట్టు: మిషన్ చెవిలో ఏం మిగిలిందో చూసుకోండి

పాత ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫు) కాదు, తాజాది కావాలి. మిషన్ పెట్టుకుని తీసిన పరీక్ష కూడా అడగండి. "ఈ మిషన్‌తో నాకు ఎన్ని హెర్ట్జ్ దాకా అందుతోంది?" అన్న ఒక్క ప్రశ్న చాలు. 500 దగ్గరే ఆగిపోతే దిక్కు విషయంలో ఆ చెవి నుంచి పెద్దగా ఆశించకూడదు. 2000 దాకా, ఆపైన కూడా అందుతుంటే కష్టపడటంలో అర్థముంది. 500 దగ్గర ఆగినా మిషన్ తీసి పక్కన పడేయకండి. పాటలో రాగం, గొంతులో హెచ్చుతగ్గులు, గోలలో మాట, వీటికి ఆ కాస్త బొంగురు వినికిడి చేసే సాయం తక్కువేం కాదు.

రెండో మెట్టు: రెండు పరికరాలని ఒకే చోట కూర్చోబెట్టి కుదిర్చించండి

మన ఊళ్లో జరిగేది ఏమిటంటే, ఇంప్లాంట్ మ్యాపింగ్ ఒక సెంటర్‌లో, మిషన్ కొన్నది ద్వారకానగర్‌లోనో ఇంకోచోటో ఉన్న షాపులో. ఇక్కడ అడిగితే "అది మిషన్ వాళ్లని అడగండి" అంటారు, అక్కడ అడిగితే "మీ మ్యాప్‌లోనే ఏదో ఉంది" అంటారు. ఈ బంతాటలో మనం ఇరుక్కోకూడదు. రెండు పరికరాలూ, రెండిటి ఫైళ్లూ పట్టుకుని ఒకే ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. ఆయన దగ్గర మిషన్ సాఫ్ట్‌వేర్ లేకపోతే, మిషన్ ఆడియాలజిస్ట్‌తో ఫోన్‌లో మాట్లాడుకోమని మొహమాటం లేకుండా చెప్పండి. ముందు ఇంప్లాంట్ మ్యాప్, దానికి తగ్గట్టు మిషన్. ఈ వరస మారకూడదు.

చేయించుకోవాల్సినవి ఇవి.

సౌండ్ సమానం చేయించండి. మీ ఎదురుగా, ముక్కుకి సూటిగా మనిషి కూర్చుని మామూలుగా మాట్లాడాలి. రెండూ ఆన్‌లో ఉండాలి. గొంతు మధ్యలోంచి వస్తున్నట్టు ఉందా, ఏదో ఒక పక్కకి లాగుతోందా? లాగుతుంటే మిషన్ సౌండ్ కాస్త పెంచో తగ్గించో మధ్యకి తేవాలి. చాలాచోట్ల ఇక్కడితో ఆపేస్తారు, మీరు ఆగనివ్వకండి. మెల్లగా మాట్లాడినప్పుడు ఒకసారి, గట్టిగా మాట్లాడినప్పుడు ఒకసారి మళ్లీ చూడమనండి. పెద్ద శబ్దాలని అణిచి, చిన్నవాటిని లేపే పద్ధతి రెండు పరికరాల్లోనూ ఉంటుంది గానీ, రెండూ ఒకేలా అణచవు. ఒకే సరుకుని రెండు కొట్ల తక్కెడల్లో తూచినట్టు ఉంటుంది. మామూలు గొంతుకి సమానంగా ఉన్నది, లారీ హారన్ వచ్చేసరికి ఒక పక్కకి వాలిపోతుంది. దిక్కు తప్పేది అక్కడే.

రెండు పరికరాల మధ్య ఆలస్యం గురించి అడగండి. మిషన్ శబ్దాన్ని ప్రాసెస్ చేసి చెవిలోకి వదలడానికి కొన్ని మిల్లీసెకండ్లు తీసుకుంటుంది. ఇంప్లాంట్ తీసుకునే సమయం వేరు. ఏది ముందు, ఏది వెనక అన్నది కంపెనీలని బట్టి మారుతుంది. అసలు తేడా 0.7 మిల్లీసెకండు లోపు ఉండాల్సిన చోట, పరికరాల వల్ల కొన్ని మిల్లీసెకండ్లు తేడా వస్తే మెదడు ముందొచ్చిన వైపే మొగ్గుతుంది. మెడెల్ లాంటి కంపెనీల కొత్త ప్రాసెసర్లలో (ఇంప్లాంట్‌కి బయట పెట్టుకునే భాగం) ఈ ఆలస్యాన్ని సరిచేసే వీలుంది. మీ మోడల్‌లో ఉందో లేదో అడగడానికి పైసా ఖర్చు లేదు.

దిక్కు కోసం విడిగా ఒక ప్రోగ్రామ్ పెట్టించుకోండి. ఎదుటి మాటని మాత్రమే పట్టి, మిగతా వైపుల శబ్దాలని తగ్గించే మైకులు హోటల్లో మాటకి బంగారం, దిక్కుకి చేటు. కాబట్టి రెండు వైపులా అన్ని దిక్కుల నుంచీ తీసుకునే మైకు లేదా చెవిడొప్పని అనుకరించే సెట్టింగు, నాయిస్ రిడక్షన్ తక్కువ, దానంతట అది ప్రోగ్రామ్ మారిపోయే ఆటోమేటిక్ పద్ధతి ఆఫ్. రెండు పరికరాల్లోనూ ఒకే నంబరు ప్రోగ్రామ్‌గా పెడితే మారుస్తున్నప్పుడు టెన్షన్ ఉండదు.

కొత్త మిషన్ కొనే ఆలోచనలో ఉంటే, మీ ఇంప్లాంట్‌కి జతగా చేసినది ఉందేమో ముందు చూడండి. అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ వాళ్లకి ఫోనాక్ నాయిడా లింక్, కాక్లియర్ కంపెనీ వాళ్లకి రీసౌండ్ మిషన్లు అలాంటివి. అణిచే పద్ధతిని రెండు వైపులా దగ్గర చేయడం నాయిడా లింక్‌లో ముఖ్యమైన సంగతి.

మూడో మెట్టు: రోజూ పొద్దున్నే రెండు నిమిషాలు

విశాఖ గాలిలో తేమ, ఉప్పు, పైన మన చెమట. మైకు కవర్లు మూసుకుపోతాయి, మోల్డ్ (మిషన్‌కి చెవిలో దూర్చే అచ్చు) ట్యూబులో నీటి చుక్కలు పేరుకుంటాయి. ఒక వైపు సౌండ్ కాస్త తగ్గినా ప్రపంచమంతా రెండో వైపుకి జరిగిపోతుంది. రాత్రి రెండింటినీ సిలికాజెల్ డబ్బాలోనో, ఎలక్ట్రిక్ డ్రయర్‌లోనో పెట్టండి. పొద్దున మోల్డ్ ఊడదీసి ట్యూబు ఊది చూడండి. మైకు కవర్లు కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చాల్సి రావచ్చు, ముఖ్యంగా బీచ్ దగ్గరి ఇళ్లలో.

తర్వాత ఇంట్లో ఒకరిని మీ వెనక నిలబడి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనమనండి. థెరపీలో చేయించే ఆరు శబ్దాలే ఇవి. ఇంప్లాంట్ ఒక్కటే పెట్టుకుని, తర్వాత మిషన్ ఒక్కటే, తర్వాత రెండూ. మిషన్ వైపు స్ వినపడకపోవడం మామూలే కావచ్చు. నిన్న వినపడ్డ ష్ ఇవాళ వినపడలేదంటే మాత్రం ఆ రోజు అభ్యాసం వద్దు, ముందు పరికరం సంగతి చూడండి.

నాలుగో మెట్టు: ఇంట్లో అభ్యాసం

గది ఎంపికతో మొదలు. టైల్స్, ఖాళీ గోడలున్న హాలు పనికిరాదు, శబ్దం నాలుగు గోడలకీ కొట్టుకుని అన్ని వైపుల నుంచీ వస్తుంది. మంచం, పరుపు, కర్టెన్లు, బట్టల దండెం ఉన్న బెడ్‌రూమ్ మంచిది. ఫ్యాన్ ఆపాలి. ఏప్రిల్, మే నెలల్లో విశాఖలో ఫ్యాన్ ఆపమనడం పాపమే, అందుకే పొద్దున్నే పెట్టుకోండి. పావుగంట చాలు. గంటసేపు కూర్చుంటే అలసిపోయి ఊహించడం మొదలుపెడతాం.

మీరు మధ్యలో కుర్చీలో. ఇంట్లోవాళ్లు ముగ్గురు మీకు రెండడుగుల నుంచి నాలుగడుగుల దూరంలో కుడి, ఎడమ, ఎదురు. వాళ్లు కదలకూడదు, కదిలితే అడుగుల చప్పుడుతో, నేల అదురుతో తెలిసిపోతుంది. ముగ్గురు లేకపోతే మూడు చోట్ల ఫోన్లు పెట్టి ఒకరు నడిపించొచ్చు. పిల్లలుంటే ఇది ఆటైపోతుంది. "తాతా, ఎవరు కొట్టారో చెప్పు!" అని వాళ్లే వెంటపడతారు.

ముగ్గురి చేతిలోనూ ఒకేరకం స్టీలు గ్లాసు, చెంచా. ఒకేరకం ఎందుకంటే, గ్లాసు మారితే చప్పుడు మారుతుంది, మీరు దిక్కుని కాకుండా గ్లాసుని గుర్తుపడతారు. కళ్లు మూసుకోండి. ఎవరో ఒకరు మూడుసార్లు టంగ్ టంగ్ టంగ్‌మనిపిస్తారు. మీరు చెయ్యి చాపి చూపించండి, వెంటనే కళ్లు తెరవండి. ఈ వెంటనే అన్నది చాలా ముఖ్యం. తప్పో ఒప్పో ఆ క్షణంలోనే కంటికి తెలిస్తేనే మెదడు నేర్చుకుంటుంది. పదిసార్లయ్యాక మార్కులు చెప్పుకుంటే లాభం లేదు.

కొట్టేవాళ్లకి ఒక కిటుకు చెప్పండి. ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా కొట్టాలి, వరస లేకుండా. ఎప్పుడూ ఒకే బలంతో కొడితే "పెద్దగా వినిపించింది కాబట్టి కుడి" అని సౌండుని బట్టి చెప్పేస్తాం. ఇంట్లో మార్కులు వస్తాయి, వీధిలోకెళ్లాక బోర్లా పడతాం.

గ్లాసుతో కుదిరాక తాళాల గుత్తి, ప్లాస్టిక్ కవరు నలిపే చప్పుడు, చప్పట్లు, తర్వాత గొంతు. బొంగురూ కీచూ కలిసిన శబ్దాలు తేలిక. ఒకే స్వరంతో కూసే ఫోన్ బీప్ చాలా కష్టం, దాన్ని ఆఖరికి ఉంచండి. మొదట కుడి, ఎడమ మాత్రమే. తర్వాత ఎదురు కలపండి. ఆ తర్వాత కుడి మూల, ఎడమ మూల. తల కదపకుండా ఒక వారం, తల కదుపుతూ ఒక వారం మార్చి మార్చి చేయండి.

ఒక నోట్‌బుక్‌లో శబ్దం ఎక్కడ, మీరు చూపించింది ఎక్కడ అని రాయించండి. ఎన్ని తప్పులు అన్నదానికంటే ఎటువైపు తప్పులు అన్నదే మనకి కావాలి. తప్పులన్నీ ఇంప్లాంట్ వైపుకే పోతుంటే సౌండ్ సమానంగా లేదు, రెండో మెట్టుకి తిరిగి వెళ్లండి. మెల్లని శబ్దాలకి సరిగ్గా చెప్పి, గట్టివాటికే తప్పుతుంటే అణిచే పద్ధతిలో తేడా ఉంది, ఆ మాట అలాగే ఆడియాలజిస్ట్‌కి చెప్పండి. అటూ ఇటూ చెల్లాచెదురుగా ఉంటే ఇంకొంత కాలం చేయండి.

ఐదో మెట్టు: తల తిప్పడం

కుక్కర్, మిక్సీ, ఏడుస్తున్న పిల్ల, ఇలా కొంతసేపు సాగే శబ్దాలకి ఇది గొప్పగా పనిచేస్తుంది. ఎదురుగా చూస్తూ మెల్లగా తలని కుడికి తిప్పండి. శబ్దం ముందు నుంచి వస్తుంటే, కుడి చెవి దానికి దూరమవుతుంది కాబట్టి ఇంప్లాంట్‌లో పదును తగ్గుతుంది. వెనక నుంచి వస్తుంటే కుడి చెవి దాని వైపు తిరుగుతుంది, పదును పెరుగుతుంది. ముందా వెనకా అన్న ప్రశ్నకి మన చేతిలో ఉన్న మంచి జవాబు ఇదే.

ఇంకొంచెం ముందుకెళితే, నిలబడి ఒళ్లంతా మెల్లగా తిరగండి. పదును అన్నింటికంటే ఎక్కువ అనిపించిన చోట ఆగండి. శబ్దం మీ ఇంప్లాంట్ చెవికి సూటిగా, అంటే మీ కుడిభుజం చూపించే వైపు ఉన్నట్టు. ఒక్కసారి మోగి ఆగిపోయే హారన్‌కి ఇవేవీ పనిచేయవు.

ఆరో మెట్టు: వీధిలోకి

మొదట బీచ్ రోడ్డు. తెల్లవారుజామున నడిచేవాళ్ల కోసం ఆర్కే బీచ్ దగ్గర వాహనాలని ఆపుతారు, ఆ సమయం మనకి వరం. ఆర్కే బీచ్ నుంచి కైలాసగిరి వైపు నడుస్తుంటే సముద్రం కుడిచేతి వైపు, తిరిగి వస్తుంటే ఎడమచేతి వైపు. అల చప్పుడులో బొంగురూ కీచూ రెండూ ఉంటాయి, అది ఆగదు, జాగా మారదు. అంత పెద్ద అభ్యాస యంత్రం ఊరికే దొరుకుతోంది. నడిచి, వెనక్కి తిరిగి, మళ్లీ నడిచి ఆ చప్పుడు రెండు చెవుల్లో ఎలా మారుతోందో గమనించండి. గాలి గట్టిగా ఉన్న రోజు వద్దు. సముద్రం వైపున్న మైకులోకి గాలి కొడితే అటుపక్క అంతా హోరే.

తర్వాత ఎంజీఎం పార్కు లాంటి చోట్ల పిల్లల కేకలు, కాకులు. ఆ తర్వాత ఎంవీపీ కాలనీ రైతుబజార్. ఒక పక్కగా నిలబడి, "కేజీ ఇరవై" అని అరిచేది ఎవరో ముందు చెవితో అనుకుని, తర్వాత కంటితో చూసుకోండి. గోలలో మార్కులు పడిపోతాయి, కంగారుపడకండి.

మద్దిలపాలెం, ఆర్టీసీ కాంప్లెక్స్, జగదాంబ లాంటి జంక్షన్లు అభ్యాసానికి కాదు. మేడల మధ్య హారన్ గోడలకి కొట్టుకుని లేని వైపు నుంచి వినిపిస్తుంది. రోడ్డు దాటేటప్పుడు కళ్లదే ఆఖరి మాట. కుడి, ఎడమ, మళ్లీ కుడి, పైగా మన బైకుల వాళ్లు ఎదురుగా కూడా వస్తారు కాబట్టి రెండు వైపులా చూస్తూనే దాటండి. హారన్ వినిపించి ఎటో తెలియకపోతే అటూ ఇటూ గెంతకుండా ఉన్నచోటే ఆగి తల తిప్పి చూడండి. హెల్మెట్ పెడితే మైకులు మూసుకుపోతాయి, కాయిల్ (తలకి అయస్కాంతంతో అంటుకునే ఇంప్లాంట్ బిళ్ల) జరిగిపోతుంది. బండి మీద దిక్కు అన్నదే ఉండదు, అద్దాలే ఆధారం.

ఏడో మెట్టు: ఇంట్లోవాళ్లకి నేర్పడం

"ఎక్కడున్నావ్?" అని అడిగితే "ఇక్కడే" అని జవాబొస్తుంది. మనకి అంతకంటే పనికిరాని మాట ఇంకోటి లేదు. "వంటింట్లో", "బాల్కనీలో" అని చెప్పడం అలవాటు చేయండి. గుంపులో మాట్లాడేవాళ్లు ముందు చెయ్యి కాస్త ఎత్తితే చాలు. షేర్ ఆటోలో ఎడమ చివర కూర్చుంటే అందరూ మీ కుడివైపు, అంటే ఇంప్లాంట్ వైపు ఉంటారు. ఫోన్ ఎక్కడో పెట్టి మర్చిపోతే రింగుతో పాటు ఫ్లాష్ వెలిగే సెట్టింగు పెట్టుకోండి. క్లాసులో, మీటింగులో వాడే వైర్‌లెస్ మైకు మాటని స్పష్టంగా తెస్తుంది గానీ, ఎవరు మాట్లాడినా ఒకే చోటు నుంచి వచ్చినట్టే ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు దిక్కు వెతక్కండి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి

మిషన్ చెవిలో వినికిడి ఉన్నట్టుండి పడిపోతే బ్యాటరీ, ట్యూబు చూసుకుని, అవి బాగానే ఉంటే అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) గానీ, వాల్తేరులోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి గానీ, మీకు అలవాటైన డాక్టర్ గానీ. ఇలాంటి నష్టానికి మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, వారం చూద్దాం అనుకోవద్దు. అయస్కాంతం ఉన్నచోట చర్మం ఎర్రబడినా, నొప్పి పుట్టినా అలాగే.

నెలల తరబడి చేసినా నోట్‌బుక్‌లో మార్పు లేకపోతే ఒక పరీక్ష చేయండి. గ్లాసుల ఆటని ఒక రోజు రెండు పరికరాలతో, ఇంకో రోజు మిషన్ ఆపేసి ఇంప్లాంట్ ఒక్కదానితో ఆడండి. మార్కులు రెండు రోజులూ ఒకేలా ఉంటే, దిక్కు విషయంలో మిషన్ చెవి ఏమీ ఇవ్వడం లేదన్నమాట. అప్పుడు రెండో ఇంప్లాంట్ గురించి అడగొచ్చు. మొత్తం మీద చూస్తే, దిక్కు పట్టడంలో రెండు ఇంప్లాంట్లు ఉన్నవాళ్లు మనకంటే మెరుగు, ఎందుకంటే కీచు శబ్దాల సౌండ్ తేడా వాళ్లకి రెండు వైపులా అందుతుంది. కానీ ఆపరేషన్‌తో ఆ చెవిలో మిగిలిన బొంగురు వినికిడి పోయే ప్రమాదం ఉంది. కాబట్టి మిషన్ ఆపేసిన ఆ రోజే మీకిష్టమైన పాట ఒకటి, ఇంట్లోవాళ్ల మాట కాసేపు విని, ఏం తగ్గిందో అదే నోట్‌బుక్‌లో రాసుకుని, రెండు లెక్కలూ సర్జన్ ముందు పెట్టండి.